మార్కుల పట్టికయు, కళాశాల వాకిలియు



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, పండితులు పలుకవలసిన వేదికపై లెక్కలు వ్రాసికొని బ్రదుకు నావంటి వానిని నిలిపితిరి. మీ యభిమానమునకు కృతజ్ఞుడను. కార్యదర్శిగారు నన్ను పిలిచి భాగవతమును గూర్చి ఒక గంటసేపు మాటాడుమని కోరిరి. భాగవతమును ఎప్పుడైనను చెప్పుకొనవచ్చును. ఈమారు వేరొక పుస్తకమును గూర్చి మాటాడనిండని నేను వేడుకొంటిని. అది ఒక్క కాగితపు పుస్తకము. మన ఊరిలో దానిని చదువని యిల్లు లేదు. సరిగా చదివిన యిల్లు అరుదు. దాని పేరు ఇంటరు మార్కుల పట్టిక.

ప్రతి వేసవిలోను ఫలితములు వెలువడిన మరునాటినుండి పిల్లలు ఆ పట్టికలను పట్టుకొని నాయొద్దకు వత్తురు. లెక్కలవాడు గదా, ఈ అంకెలకు అర్థమేమో చెప్పునని వారి యాశ. ఇటీవల ఒక బాలుడు పట్టికను నా ముందు పెట్టి, "కాకా, ఇంటర్ మార్కులు ఇంక దేనికీ పనికిరావంట గద! ఎంసెట్ల కలుపుత లేరు. పాసైతే చాలు గద?" అనెను. వాని వెనుకనే నిలిచియున్న తల్లి కన్నులు తుడుచుకొని, "అట్లంటడన్నా వీడు. తొమ్మిదొందలు దాటలేదని నాకు వారం దినాల సంది నిద్ర లేదు" అనెను.

వీరిరువురిలో ఎవరు నిజము పలికిరి? ఇరువురును సగము సగము పలికిరి. మార్కులు నిరుపయోగములని కుమారుడు అనుకొనెను. మార్కులే సర్వస్వమని తల్లి అనుకొనెను. లెక్కలు వ్రాయుటలో మాకు మొదట నేర్పు సూత్రమొకటి గలదు: పద్దు లేని అంకె లెక్క కాదు. ఐదు వందలని చిత్తులో వ్రాసిన చాలదు. అది జమయో, ఖర్చో, బాకీయో ప్రక్కన వ్రాసినప్పుడే దానికి అర్థము. మార్కులును అట్లే. అవి ఏ వాకిట ఏ పద్దు క్రింద పడునో తెలిసికొనక సంతోషించుటయు తప్పే, దుఃఖించుటయు తప్పే. నేటి నా ప్రసంగమంతయు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానము.

మన మౌలాలి గుట్టమీద నిలిచి నైరుతిదిక్కునకు చూచిన యెడల, తార్నాకకు ఆవల, రెండు క్రోసుల దూరమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము గలదు. 1918లో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయమునకు ఆర్ట్సు కళాశాల భవనము 1939లో సిద్ధమైనది. ఈ గుట్టకును ఆ యావరణమునకును పాత చుట్టరికము గలదు. గుట్ట క్రింద సమాధిలో విశ్రమించుచున్న మహలఖా బాయి చందా, ఉర్దూలో తన కవితలకు దీవాను కూర్చిన విదుషి, 1824లో గతించినది. ఆమె జాగీరుగా ననుభవించిన అడిక్‌మెట్టు భూములలోనే విశ్వవిద్యాలయము వెలసినదని చెప్పుదురు. చదువుకొన్న స్త్రీ భూమిమీద చదువులమ్మకు గుడి కట్టినట్లైనది. ఆ గుడి మనకు దగ్గర. దూరమైనది దాని వాకిలి. ఆ దూరమును కొలుచు కోలలలో మార్కుల పట్టిక యొకటి.

వాకిట పరీక్షించుట నేటి యాచారము కాదు. నలందకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగు ఏడవ శతాబ్దపు సంగతులు వ్రాయుచు, అచట ద్వారమునొద్దనే ప్రశ్నలడుగుదురనియు, వచ్చిన పదిమందిలో ఏడెనమండుగురు మరలిపోవుదురనియు తెలిపెను. అంతకు ఎంతయో ముందటి ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడను బాలుడు గౌతముని యాశ్రమమునకు పోయెను. గోత్రమేమని గురువు అడిగెను. తనకు తెలియదనియు, తల్లికిని తెలియదనియు ఆ బాలుడు దాపరికము లేక చెప్పెను. సత్యము విడువని వాడవు, నీవే అర్హుడవని గురువు చేర్చుకొనెను. భారతమున ఏకలవ్యునకు మాత్రము ద్రోణుని వాకిలి తెరువబడలేదు. విద్య చాలక కాదు, పుట్టుక అడ్డమైనది. కావున వాకిట నిలిచినవానిని దేనితో కొలువవలెను అను ప్రశ్న మనదేశమున వేల యేండ్ల ప్రశ్న. పుట్టుకతో కొలుచుటకంటె మార్కులతో కొలుచుట మేలనుటలో నాకు సందేహము లేదు. కాని కోల సరియైనదా, కొలుచు చేయి సరియైనదా యని అడుగుట మానరాదు.

ఇక లెక్కలోనికి వత్తము. మన రాష్ట్రమున రెండేండ్ల ఇంటరు చదువు 1969నుండి నడచుచున్నది. గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదువు విద్యార్థికి రెండేండ్లకు కలిపి 1000 మార్కులు. మొదటి యేడు 470, రెండవ యేడు 530. రెండవ యేటి బరువు అధికమగుటకు కారణము, ప్రయోగపరీక్షల 60 మార్కులు అందే చేరుట. ఈ వేయింటిలో ఇంగ్లీషునకును రెండవ భాషకును కలిపి 400 పోగా, ముఖ్యశాస్త్రములకు 600 మిగులును. ఈ విభజనను మనసున నుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

కళాశాల ప్రవేశములలో ఈ మార్కులు మూడు పద్దులలో ఏదో యొక దాని క్రింద పడును. మొదటిది వాటా పద్దు. రెండవది గడప పద్దు. మూడవది మొత్తము పద్దు.

వాటా పద్దనగా, ప్రవేశపరీక్ష మార్కులతోపాటు ఇంటరు మార్కులకును కొంత వంతు ఇచ్చి ర్యాంకు కట్టుట. మన ఎంసెట్టులో పెక్కేండ్లు ఇదే పద్ధతి. పరీక్షకు 75 వంతులు, ఇంటరునకు 25 వంతులు. ఆ 25 వంతుల బలమెంతయో లెక్కించి చూపెదను. పిల్లలు కాగితము తీయుడు. ప్రవేశపరీక్ష 160 మార్కులకు. ఆ 160 కలిసి 75 వంతులు. ముఖ్యశాస్త్రముల 600 మార్కులు కలిసి 25 వంతులు. భాగించి చూచిన, ప్రవేశపరీక్షలోని ఒక్క మార్కు ఇంటరులోని పదకొండుంబావు మార్కులకు సమానము. ఒకనికి 600కు 600 వచ్చినవి. మరియొకనికి 540 వచ్చినవి. ఇరువురి నడుమ 60 మార్కుల యెడము కంటికి కొండవలె కనబడును. వాటా కట్టిన పిదప అది రెండున్నర వంతులు మాత్రమే. ప్రవేశపరీక్షలో ఐదు మార్కులకు మించి మరి కొంచెము తెచ్చుకొన్నవాడు ఆ కొండను దాటిపోవును. కాని ఐదు మార్కులని చులకన చేయరాదు. లక్షలమంది నిలిచిన వరుసలో ఐదు మార్కులు వేల ర్యాంకులను ముందు వెనుకలు చేయగలవు.

2020లో మహమ్మారి వచ్చినది. 2021లో మన రాష్ట్రమున రెండవ యేటి ఇంటరు పరీక్షలే జరుగలేదు. మొదటి యేటి మార్కులనే రెండవ యేటికిని వేసి, ప్రయోగములకు నిండు మార్కులిచ్చి అందరిని ఉత్తీర్ణులను గావించిరి. వ్రాయని పరీక్షకు వాటా కట్టుట ఎట్లు? అందుచే 2021లోను 2022లోను ఆ 25 వంతులను ప్రక్కన పెట్టిరి. 2023లో తెలంగాణ ప్రభుత్వము దానిని శాశ్వతముగా తీసివేసినది. వైద్యవిద్య అంతకుముందే దేశవ్యాప్తమైన నీట్ పరీక్షలోనికి పోయినందున, 2024లో ఎంసెట్టు పేరును ఈఏపీసెట్టుగా మారినది. మన యింటిలో ఇంకను ఎంసెట్టనియే పిలుచుచున్నాము. పాత పేరు పాత చుట్టము వంటిది, అంత త్వరగా పోదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రము 2023లో ఆ వాటాను మరల తెచ్చిరి. 2025 ప్రవేశములలోను అది యుండెను. ఒకే భాష మాటాడు రెండు రాష్ట్రములలో ఒకే పట్టికకు రెండు విలువలు! పద్దు తెలియక అంకె చదువరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఆ వాటాను తీసివేయుట మంచిదా, చెడ్డదా? ఇందు రెండు పక్షములు గలవు. ఒక పక్షమువారు, వేర్వేరు బోర్డులవారు వేర్వేరు తక్కెడలతో తూచిన మార్కులను ఒక గంపలో పోయరాదందురు. ప్రయోగపరీక్షల మార్కులు అందరికిని నిండుగా పడునను మాటయు లోకమున గలదు. అందరికి నిండుగా పడినది ఎవరిని వేరుపరచును? రెండవ పక్షమువారు, శిక్షణకేంద్రపు రుసుము కట్టలేని పిల్లకు పాఠ్యపుస్తకమే గురువు, ఆ పుస్తకమును రెండేండ్లు శ్రద్ధగా చదివినందుకు దక్కిన ఫలమును మూడు గంటల పరీక్ష ముందు సున్న చేయుట న్యాయమా యందురు. ఇరువురి మాటలోను సత్యమున్నది. నాకు తోచినదొక్కటి చెప్పెదను. వాటా పోయినప్పుడు పోయినది రెండున్నర వంతుల తేడా మాత్రమే కాదు. పాఠ్యపుస్తకమును కడదాక చదువవలెనను కారణములలో ఒకటి పోయినది. తరగతిలో ఇంగ్లీషు, తెలుగు పాఠములు జరుగుచుండగా బల్లక్రింద ప్రవేశపరీక్ష ప్రశ్నలు చేసికొను పిల్లలను నేనెరుగుదును. వారిని దూషింపను. పెద్దలు ఏ పద్దుకు విలువ కట్టిరో ఆ పద్దునే పిల్లలు నింపుదురు.

రెండవది గడప పద్దు. ఇందు మార్కులు ర్యాంకును పెంచవు, తగ్గింపవు. గడప దాటినవా లేదా యని మాత్రమే చూతురు. "పాసైతే చాలు గద" అన్న బాలుడు ఇచ్చటనే పొరబడెను. తెలంగాణ ఈఏపీసెట్టు ద్వారా ఇంజనీరింగులో చేరుటకు ముఖ్యశాస్త్రములలో నూటికి 45, రిజర్వేషను వర్గములవారికి 40 ఉండవలెను. నీట్ ద్వారా వైద్యవిద్యకు పోవుటకు భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో కలిపి సామాన్యవర్గమువారికి నూటికి 50, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి 40 ఉండవలెను. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల గడప ఇంకను ఎత్తు: ఇంటరులో మొత్తముమీద నూటికి 75, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని వికలాంగులకును 65, లేదా ఆ యేడు తన బోర్డులో పై ఇరువది శాతములో నిలిచియుండవలెను. మహమ్మారి యేండ్లలో ఆ నిబంధనను సడలించి, 2023లో మరల నిలిపిరి.

కొన్నేండ్ల క్రిందట మన చుట్టుప్రక్కల బాలుడొకడు జె.ఇ.ఇ.లో మంచి ర్యాంకు తెచ్చుకొనెను. దూరపు ఊరి ఎన్.ఐ.టి.లో సీటు ఖాయమని యింటిలో మిఠాయి పంచిరి. ఆ రాత్రి వాని తండ్రి పట్టిక తెచ్చి నా చేతికిచ్చి, ఒక్కసారి కూడి చూడుమని కోరెను. కూడితిని. 1000కి 728. గణితమున కొదువలేదు, రెండు భాషలలోను మార్కులు జారిపోయినవి. మరల కూడితిని. మూడవమారు క్రిందినుండి పైకి కూడితిని. ఎట్లు కూడినను 728. 750 కావలెను, 22 మార్కుల కొరత. ఆ తండ్రి నా ముఖము చూచుచు కూర్చుండెను. లెక్క సరియైనందుకు నేను విచారించిన రాత్రి అదొక్కటే. ఆ బాలుడు ఇచటనే వేరొక కళాశాలలో చేరి చక్కగా చదువుకొనెను; జీవితము చెడలేదు. కాని ఆ 22 మార్కులు వానికి రాని విద్య వలన పోయినవి కావు. అవి అక్కరలేదని ఎవరో చెప్పిన మాట వలన పోయినవి.

కావున తమ్ములారా, చెల్లెండ్రారా, వాటా పోయినంత మాత్రమున గడప పోలేదు. ఎంత వేగముగా పరుగెత్తి వచ్చినను గడపకు కాలు తట్టుకొన్నవాడు లోపలికి పోలేడు.

మూడవది మొత్తము పద్దు. దీనినిగూర్చి పత్రికలలో చప్పుడు తక్కువ. మన ఊరి పిల్లలకు ఎక్కువగా వర్తించునది ఇదే. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదువులకు మన రాష్ట్రమున 2016నుండి దోస్తు అను విధానము నడచుచున్నది. ఉస్మానియా మొదలైన విశ్వవిద్యాలయముల డిగ్రీ కళాశాలలలో సీట్లన్నియు ఒకే చోట దరఖాస్తు చేసికొని, తమకు కావలసిన కళాశాలలను వరుసగా కోరుకొనవలెను. అచట వేరొక ప్రవేశపరీక్ష లేదు. ఇంటరు మార్కులను, రిజర్వేషనును, కోరికల వరుసను బట్టి సీటు వచ్చును. 1887లో స్థాపితమైన నిజాం కళాశాలలోనో, 1924లో మహిళాకళాశాలగా మొదలై నేడు చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయమైన కోఠీ విద్యాలయములోనో చేరదలచిన పిల్లకు పట్టికలోని ప్రతి మార్కును నాణెమే. ఎంసెట్టులో ఇంటరు మార్కులు కలుపుట లేదని విని చదువు సడలించి, పిదప మనసు మారి డిగ్రీవైపు తిరిగిన పిల్లలు ఇచ్చట నష్టపోవుచున్నారు. పదునేడేండ్ల వయసున మనసు మారుట నేరము కాదు. మారు మనసునకు దారి మిగిల్చి యుంచుకొనుట వివేకము.

మార్కులే సర్వమైనచోట మరియొక యపాయమున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయమున చిరకాలము పండ్రెండవ తరగతి మార్కులను బట్టియే సీట్లిచ్చిరి. ఏటేట ఆ మెట్టు ఎక్కి ఎక్కి, 2021లో కొన్ని కళాశాలలలో కొన్ని చదువులకు నూటికి నూరు కావలసివచ్చినది. నూటికి 99 తెచ్చుకొన్న పిల్ల మొదటి జాబితాలో వాకిటనే నిలిచినది. 2022నుండి వారును ప్రవేశపరీక్షకు మరలిరి. అందరు శిఖరమున నిలిచినచో శిఖరమే మైదానమగును. అప్పుడు కోల మార్చక తప్పదు.

మన బంధువులు సముద్రము దాటి పోయిన దేశములలో ఎట్లున్నది? అమెరికాలో పన్నెండవ తరగతి నడుచుచుండగానే పిల్లలు కళాశాలలకు దరఖాస్తు పెట్టుదురు. వసంతమునకు సీటు మాట తేలును. కాని ఆ మాట షరతుతో కూడినది. చివరి యేటి చదువు ముగిసిన పిదప తుది పట్టికను పంపవలెను. సీటు వచ్చినదిగదా యని చివరి మాసములలో పుస్తకము మూసి, గ్రేడులు మిక్కిలి దిగజార్చుకొన్నవారిని సంజాయిషీ యడుగుదురు. అరుదుగా సీటును ఉపసంహరింతురు. చివరి యేటి సోమరితనము ఒక్క మౌలాలిలోనే పుట్టినది కాదని ధైర్యము తెచ్చుకొనవచ్చును! మనవారు వేలుగా నివసించు టెక్సాసు రాష్ట్రమున 1997లో ఒక శాసనము చేసిరి. ఏ పాఠశాలయైనను సరే, తన తరగతిలో పై పదవవంతులో నిలిచిన విద్యార్థికి ఆ రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ప్రవేశము దక్కునని దాని సారాంశము. ఆస్టిను నగరపు పెద్ద విశ్వవిద్యాలయమున తరువాత ఆ వంతును తగ్గించిరి. అయినను సూత్రము గమనింపదగినది. పల్లెబడి పిల్లను పట్నపుబడి పిల్లతో పోల్చలేదు. తనకున్న సదుపాయములే కలిగిన తోటివారితో పోల్చిరి.

ఈ న్యాయము మనకును క్రొత్త కాదు. బాసరలోని సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో గ్రామీణ బాలబాలికలకొరకు వెలసినది. అందు పదవ తరగతి గ్రేడులను బట్టి సీట్లిచ్చు రోజులలో, వసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి 0.4 పాయింటు అదనముగా కలుపు నియమము చేసిరి. దీపము చాలని యింట చదివిన చదువునకు అది చమురు ఖరీదు. ఆ నియమము చేసినవారు అంకెను మాత్రమే కాక, అంకె పుట్టిన చోటును చదివిరి. మార్కును న్యాయముగా చదువుట యనగా నా మనసున ఇదియే.

ఇక చెప్పుటకు నోరు రాకున్నను చెప్పక తప్పని మాట యొకటి గలదు. 2019 ఏప్రిలులో మన రాష్ట్రపు ఇంటరు ఫలితములలో పొరబాట్లు జరిగినవి. ఒక విద్యార్థిని పత్రమున 99 మార్కులకు బదులు సున్న పడినది. ఆ ఫలితముల వెనువెంట ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. ప్రభుత్వము తప్పినవారందరి పత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపజేయగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. నేను ముప్పది యేండ్లుగా లెక్కలు వ్రాయుచున్నాను. నాచేతను తప్పులు దొరలినవి. తప్పిన పద్దును ఎర్రసిరాతో కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయుదుము. ఏ చిట్టాలోనైనను దిద్దుకొనుటకు చోటుండును. కొట్టివేసిన ప్రాణమును మరల వ్రాయు కలము మాత్రము ఎవరి చేతను లేదు.

తల్లిదండ్రులారా, ఫలితములు వచ్చిన దినమున బిడ్డను ఎంత వచ్చినదని యడుగకముందు అన్నము తిన్నావా యని అడుగుడు. సందేహమున్న పత్రమునకు మరల లెక్కింపును, పునఃపరిశీలనమును కోరవచ్చును. తప్పినవారికిని, మార్కులు పెంచుకొనదలచిన వారికిని ఆ వేసవిలోనే మరల పరీక్ష గలదు. మనసు చీకటియైనప్పుడు పగలనక రేయనక పలుకుటకు 14416 అను ప్రభుత్వ టెలిఫోను గలదు. గ్రంథాలయపు తలుపుమీద ఆ యంకెను పెద్దగా వ్రాయింపుమని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. నాకు తెలిసినంతలో పద్దుతో పనిలేక ఉపకరించు అంకె అదొక్కటి.

నా మాట యొకటి చెప్పి ముగించెదను. నాకును ఇంటరు రెండవ యేట మార్కులు చాలలేదు. ఇంటిలో జబ్బు, పగలంతయు దుకాణమున చిట్టాలు వ్రాయు పని, ఇంగ్లీషు తప్పితిని. మరల వ్రాసి గట్టెక్కునప్పటికి కళాశాల వాకిలి ఆ యేటికి మూసిరి. మరుసటి యేటికి నా కాలు బండికి కట్టుబడినది. చిరకాలము ఆర్ట్సు కళాశాల ముందునుండి పోవునప్పుడు ముఖము ప్రక్కకు తిప్పుకొనెడివాడను. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము తెరచిన వారములో వచ్చి, ఏమి చదువవలెనో తెలియక నిలిచితిని. అప్పటి గ్రంథపాలకులు నన్ను ఎంత చదివితివని అడుగలేదు, ఎన్ని మార్కులని అడుగలేదు. ఏమి చదువ నిష్టమని అడిగిరి. భారతము తీసి యిచ్చిరి. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని రోజుకు నాలుగు పద్యముల చొప్పున చదివితిని. గురువు లేని చదువునకు సాహసమిచ్చినది సహజపండితుడైన పోతన. ఇపుడు ఆర్ట్సు కళాశాల ముందునుండి పోవునప్పుడు ముఖము త్రిప్పుకొనను. నిలిచి చూచి, నమస్కరించి పోవుదును.

దీనివలన మార్కులు అక్కరలేదని నేను చెప్పుట లేదు. నాకు ఆనాడు మార్కులు వచ్చియున్న, నాకంటె మేలైన గురువులు దొరికియుందురు. ఇరువదేండ్లు ముందుగా భారతము తెరచియుందును. తప్పిపోయిన వాకిలిని గొప్పగా చెప్పుకొనుట ఆత్మవంచన. కాని వాకిళ్లు ఒక్కటి కాదు. గడప లేని వాకిలి యొకటి ఊరిలో నుండవలెను. అదియే గ్రంథాలయము.

కావున రజతోత్సవ సందర్భమున మూడు కోరికలు. ఒకటి, ప్రతి సంవత్సరము ప్రవేశముల నిబంధనలను, ఆ యేటివే, మన భాషలో వ్రాసి గోడకు అంటించవలెను. నిరుటి నియమమును నమ్మి ఈ యేడు నష్టపోవు బిడ్డ మన ఊరిలో నుండరాదు. రెండు, ఇంటరు పాఠ్యపుస్తకములు నాలుగేసి ప్రతులు తెప్పించి, పరీక్షలకు ముందు మూడు నెలలు రాత్రి పది గంటలవరకు చదువుగది తెరచియుంచవలెను. మూడు, దోస్తు దరఖాస్తుల వారములో చదువుకొన్న యువకులు ఇరువురు ఇచట కూర్చుండి పిల్లల కోరికల వరుసను సరిచూడవలెను. ఈ మూడింటికిని పెద్ద ధనము అక్కరలేదు. దీపపు ఖర్చునకు నా వంతు చందాను ఈ సభలోనే సమర్పించుచున్నాను.

ఆ తల్లికిని కుమారునకును నేను చెప్పిన మాటయే మీకందరకును చెప్పెదను. "నాయనా, నీ యంకెకు పద్దు తెలిసికొని చదువు. అమ్మా, నీ బిడ్డను అంకె చేయకుము." చిట్టా ముగింపులో నిలువ వ్రాయుట మా యాచారము. ఈ ఇరువదియైదేండ్ల చిట్టాకు నిలువ ఏమని యడిగిన, చాపలమీద కూర్చున్న ఈ పిల్లలను చూపెదను. ఆ నిలువ దినదినాభివృద్ధి నొందుగాక. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక.